పెద్దమ్మ కంప్యూటరు రెండుసార్లు అడిగింది

పెద్దమ్మ దశదిన కర్మ కార్డు ఎందులో చెయ్యాలన్న దాని మీద నాకూ శ్రావణికీ మాటా మాటా పెరిగింది. శ్రావణి మా పెద్దమ్మ కూతురి కూతురు, నాకు మేనకోడలు, హజీరాలో ఇంజనీరు. సూరత్‌లోనే పుట్టి పెరిగింది కాబట్టి ఆమె మాట తెలుగులో బయలుదేరి హిందీ మీదుగా వెళ్లి గుజరాతీలో ఆగుతుంది. సూరత్ నవాగామ్‌లో మా ప్రెస్సు గది మూలన ఉన్న పాత కంప్యూటరు మీది గుడ్డ నేను తీస్తుంటే, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మామా, గీ డబ్బాను పాత సామాన్ల భంగార్‌వాలా కూడా తీస్కోడు. ఫోన్ల తెలుగు రాదా ఏంది? కార్డు నేను బనాయిస్త, గ్రూపుల పంపిస్త, ఖతం."

"పంపు, నేనేమన్న వద్దంటున్ననా? మీ అమ్మమ్మ కార్డు మాత్రం దీంట్లనే అయితది."

"అయితే జర ఫార్మాట్ అన్న కొట్టనియ్యి. కొత్త విండోస్ ఏస్త. ఇది చాలూ అయ్యేలోపల నేను హజీరా పోయి రావొచ్చు."

ఫార్మాట్ అన్న మాట ఆ గదిలో ఎవరూ అనరు. వెనకటికి ఆ మాట అన్న మనిషి చేతిలోంచి పెద్దమ్మ సగం తాగిన చాయ్ కప్పు లాక్కుంది. శ్రావణికి ఆ సంగతి తెలియదు. తెలియని పిల్ల మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకాదు. అందుకని కుర్చీ లాగి కూర్చోబెట్టి చెప్పాను. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

నేను చెప్పేవాటిలో సగం కోతలని నవాగామ్‌లో పేరు. అది అన్యాయం, సగం కంటే చాలా ఎక్కువే ఉంటాయి. ఓ ఫ్యాక్టరీలో పెద్ద కంప్యూటరు మొరాయిస్తే నన్ను జీపులో తీసుకెళ్లారనీ, నేను గేటు దాటుతుంటేనే అది భయపడి దానంతటదే బాగైందనీ నేను చెప్పిన కథను ఇప్పటికీ పెళ్లిళ్లలో నాకే తిరిగి చెబుతుంటారు, అదీ జీపును కారు చేసి. ఇది మాత్రం జరిగింది. నిజం చెప్పే అలవాటు లేనివాడికి నిజం చెప్పడం ఎంత కష్టమో ఈ నాలుగు పేజీలు రాస్తుంటే తెలుస్తోంది.

అప్పట్లో మా ఇల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉండేది. ముందు గది పెద్దమ్మ ప్రెస్సు, నడిమి గది అందరిదీ, వెనక వంట. పొద్దున లేస్తే ముందు నుంచి సిరా వాసన, సిరా తుడిచే కిరోసిన్ వాసన వచ్చేవి. వెనక నుంచి జొన్నరొట్టె కాలే వాసన, వెల్లుల్లి కారం నూరే వాసన వచ్చేవి. నాలుగూ నడిమి గదిలో కలుసుకునేవి. మేము తిన్న రొట్టెకు కొంచెం సిరా వాసన ఉండేది. నేను పదో తరగతి గట్టెక్కింది చదివి కాదు, అన్ని అక్షరాల సిరా అంతకాలం కడుపులోకి పోవడం వల్లేనని నా నమ్మకం. గోడకు అటుపక్క మగ్గాల షెడ్డు. అది నడుస్తున్నంతసేపూ చెంచాలు గిన్నెలో సన్నగా వణికేవి. ఆగిన రోజున, చెవుడు వచ్చిందేమోనని ఒకరినొకరం పిలుచుకునేవాళ్లం.

బాపు, అంటే మా నాన్న, జోల్వాలో మరమగ్గాల మీద పడుగు, అంటే నిలువు పోగులు, అతికే పని చేసేవాడు. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాన్ని పూర్తిగా నేసెయ్యరు, కొసలు మిగులుస్తారు. కొత్త పడుగు చుట్టిన బీమును వెనక ఎక్కించి, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను కలిపి, బూడిద అద్దిన వేళ్లతో ఒక్క మెలి తిప్పుతారు. అలా ఒక్కో పోగూ. అన్నీ అతికాక ముందు నుంచి లాగితే, దువ్వెన పళ్లలాంటి పన్నె సందుల్లోంచి పాతది దారి చూపిస్తూ పోతుంది, కొత్తది దాని వెంట వస్తుంది. పన్నె కదలదు, మగ్గం మీద సరంజామా ఏదీ విప్పక్కర్లేదు. బాపు వేళ్లకు ఆ మెలి ఎంత అలవాటైందంటే, తినేటప్పుడు కూడా ఎడమ చెయ్యి తువ్వాలు అంచు పోగులను మెలితిప్పుతూనే ఉండేది. మా ఇంట్లో తువ్వాళ్లన్నిటికీ జడలు ఉండేవి.

పెద్దమ్మ, అంటే బాపు అన్న భార్య, సూరత్ వచ్చిన కొత్తలో ఓ షెడ్డులో బాబిన్లకు దారం చుట్టేది. రోజంతా నిలబడాలి, నీళ్లు తాగడానికి వెళ్లినా సేటు మనిషి కళ్లతో వెంబడించేవాడు. పెదనాన్న పోయాక కూడా కొంతకాలం అదే పని చేసి, ఒకరోజు పొద్దున పనికి బయలుదేరి సగం దారిలో వెనక్కి వచ్చేసింది. "ఇగ పోను" అంది, అంతే. చెవులకున్నవి అమ్మి ముందు గదిలో ప్రెస్సు పెట్టింది. తర్వాత కంప్యూటరు వచ్చింది. ఎక్కడో కరీంనగర్ దిక్కు నుంచి వచ్చిన మనిషొకడు దాంట్లో తెలుగు టైపు చేసే ప్రోగ్రాం ఎక్కించి, పెద్దమ్మకు ఏ బటను నొక్కితే ఏ అక్షరం వస్తుందో నేర్పి, మళ్లీ కనిపించకుండా పోయాడు. మా వైపు తెలుగు పెళ్లికార్డు, బారసాల తొట్టెల కార్డు, కర్మ కార్డు ఏది కావాలన్నా పెద్దమ్మ గడప తొక్కాల్సిందే.

ఆమెది ఒక పద్ధతి. ఖాళీ పేజీ మీద ఎప్పుడూ మొదలుపెట్టేది కాదు. వచ్చినవాళ్ల ఇంటిపేరు అడిగి, ఆ ఇంట్లో ఇంతకుముందు జరిగిన శుభకార్యం కార్డు తెరిచి, పేర్లు మార్చేది. "ఖాళీ కాయితం చూస్తే నాకు ఆ బాబిన్ల షెడ్డు యాదికొస్తది" అనేది. ఒకసారి చెల్లెలి పెళ్లికి అక్క కార్డు తెరిచి, పెళ్లికూతురి పేరు మార్చి పెళ్లికొడుకు పేరు మార్చడం మరిచిపోయింది. ఆ ఇంటి పెద్దల్లుడు తన రెండో పెళ్లి పిలుపు చేత్తో పట్టుకుని మా గడపలో నిలబడ్డాడు. "అత్తా, నాకు సంతోషమే, గని మా ఇంట్ల ఒకసారి అడిగి అచ్చు ఏస్తే మంచిగుంటుండె" అన్నాడు.

ఆ కంప్యూటరు ఒకరోజు చచ్చిపోయింది. ఎవరో పెళ్లివారు కార్డు మీద వేయమని దేవుడి బొమ్మ ఉన్న సీడీ తెచ్చారు. దేవుడితో పాటు వైరసూ వచ్చింది. తెర నీలంగా మారి, తెల్ల అక్షరాలు ఏవో చూపించి, ఆరిపోయి, మళ్లీ వెలిగి, మళ్లీ నీలంగా మారేది. ఉధ్నా నుంచి బాగుచేసే మనిషి వచ్చాడు. పెద్దమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ తెర వైపు చూసి, అంతా తుడిచెయ్యాల్సిందేనని తేల్చేశాడు.

"మౌసీ, ఫార్మాట్ మార్‌నా పడేగా. సబ్ సాఫ్. ఏక్‌దమ్ నయా హో జాయేగా."

"నా తెలుగు?"

"వో భీ సాఫ్. సీడీ హై తో ఫిర్ డాల్ దేంగే."

సీడీ ఉంటే మళ్లీ ఎక్కిస్తాడట. తెలుగు ప్రోగ్రాం సీడీ ఉంది. కిటికీకి వేలాడుతూ ఉంది. పావురాలు గదిలోకి రాకుండా, మెరుపుకు బెదురుతాయని పెద్దమ్మే దారం కట్టి వేలాడదీసింది. ఎండకు దాని మెరుగు పొలుసులుగా లేచిపోయింది. పావురాలు ఎలాగూ బెదరలేదు. ఆ మనిషి సీడీని వెలుతురుకు పెట్టి చూస్తే, అందులోంచి అవతలి షెడ్డు కనిపించింది. అప్పుడే పెద్దమ్మ కప్పు లాక్కుంది.

అతను వెళ్లాక పెద్దమ్మ కుర్చీలో కూర్చుంది. పెళ్లిళ్ల కాలం ముందరే ఉంది. అందులోని పాత కార్డులు పోతే పోనీ అనుకున్నా, తెలుగు పోతే ప్రెస్సు లేదు. ప్రెస్సు పోతే మళ్లీ బాబిన్లే. ఆమె ఆ మాట అనలేదు గాని, చీర కొంగును వేలికి చుట్టడం మొదలుపెట్టింది, బాబిన్ చుట్టినట్టు.

"నేను చేస్త పెద్దమ్మా. తెలుగు పోదు, కార్డులు పోవు. కొత్త విండోస్ వస్తది, సామానంతా యాడిదాడ్నే ఉంటది."

అప్పుడు నేను మూడు కంప్యూటరు కోర్సులు చేశానని నవాగామ్ అంతా చెప్పి ఉన్నాను. ఒకటి నిజంగానే చేశాను. రెండోదాని బోర్డు రోజూ చదివేవాణ్ణి. మూడోది నా పక్క బెంచీవాడు చేశాడు. పాతదాన్ని చెరపకుండా దాని మీదే విండోస్‌ను మళ్లీ ఎక్కించే దారి ఒకటుందని క్లాసులో సారు చెప్పినప్పుడు నేను విన్నాను. ముందున్న విండోస్ ఏ రకమో సీడీ కూడా అదే రకం కావాలన్నదీ విన్నాను. ఆ తర్వాత ఏం నొక్కాలో చెప్పేటప్పుడు వెనక బెంచీలో జీపు కథ చెబుతున్నాను.

పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఓరి రాజిగా, నీ నోరు కోతలు కోస్తది గని నీ చేతులెప్పుడు అబద్ధమాడలే. చెయ్యి. ఒక్కటి మాత్రం ఇను. నా తెలుగు పోయిందనుకో, బాబిన్ల షెడ్డుకు నాతోని నువ్వు కూడ వస్తవ్."

మరునాడు పొద్దున నేను కోర్సు చేసినచోట అదే రకం విండోస్ సీడీ అడిగి తెచ్చాను. కంప్యూటరుకు బొట్టు పెట్టబోయిన పెద్దమ్మను వారించి, సీడీ లోపలికి తోశాను. నీలం తెర మీద మూడు మాటలు వచ్చాయి. విండోస్ ఇప్పుడు ఎక్కించాలంటే ఎంటర్ నొక్కు. ఉన్నదాన్ని బాగుచెయ్యాలంటే ఆర్ నొక్కు. ఏదీ వద్దంటే ఎఫ్ త్రీ. బాగుచేస్తానని అదే అడుగుతుంటే ఇంకేం కావాలి? ఆర్ నొక్కాను. నలుపు తెర వచ్చింది. మూలన ఒక తెల్ల గీత మిణుకుమంటోంది.

"ఏందిరా గిది, పలక లెక్కున్నది?"

"ఇది మూలం పెద్దమ్మా. కంప్యూటర్లన్నీ ఈడికెల్లే పుడుతయ్. గింత దూరం సూరత్‌ల ఎవ్వడూ రాలే."

"వచ్చినోడు ఎనక్కి వస్తడా మరి?"

తెలిసిన మాటలన్నీ టైపు చేశాను. దేనికీ ఉలకలేదు. బయటపడే మాట ఒక్కటే పనిచేసింది. మళ్లీ అదే నీలం తెర, అవే మూడు మాటలు. ఆర్ దారి మూసుకుపోయింది. ఇక ఎంటర్ మిగిలింది. కొత్తగా ఎక్కించడమంటే ఉన్నది తుడవడమే కదా అని చెయ్యి రాలేదు. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి పెద్దమ్మ అన్నానికి పిలిచింది. తెరను అలాగే వదిలి లేచాను. నా జీవితంలో అంత ఇష్టంగా అన్నానికి లేచింది మరి లేదు.

పెద్దమ్మ వడ్డించింది. అన్నం, పచ్చిపులుసు, పప్పు. మాకు ఓ మర్యాద ఉండేది. ఇంకొంచెం పెట్టనా అని అడిగితే మొదటిసారి వద్దనాలి. రెండోసారి అడుగుతారు, అప్పుడు సరే అనాలి. మొదటిసారికే సరే అన్నవాడు ఆబగాడు, రెండోసారీ వద్దన్నవాడు అలిగినవాడు. వచ్చిన చుట్టానికే కాదు, ఇంట్లోవాళ్లకూ అదే.

"మరిదీ, అన్నం పెట్టాల్నా?"

"వద్దు వదినె, కడుపు నిండింది."

"జరంత."

"నువ్వంటే కాదంటనా."

అదే గరిటె నా వైపు వచ్చింది. "పెట్టాల్నారా?" అని ఆమె అనేలోపే పళ్లెం ముందుకు జరిపాను.

"మొదటి మాటకే పళ్లెం చాపుతవేందిరా?" పెద్దమ్మ గరిటె ఎత్తి పట్టుకుంది. "ఎన్నిసార్లు చెప్పిన నీకు? రేపు పిల్లనియ్యొచ్చినోళ్లు చూస్తే, వీడు పిల్లను కాదు వంటింటిని చేసుకుంటడనుకుంటరు."

నవ్వు ఆపుకోలేక బాపుకు పొలమారింది. నేను మాత్రం పళ్లెం అలాగే పట్టుకుని ఉండిపోయాను. పొద్దున కంప్యూటరు అడిగింది, బాగుచెయ్యనా అని. నేను మొదటి మాటకే పళ్లెం చాపాను. అది నా ముఖాన నల్ల పలక పెట్టింది.

చెయ్యి కడుక్కుని ముందు గదికి పరుగెత్తాను. వెనకే పెద్దమ్మ, ఆమె వెనక జడలల్లిన తువ్వాలుతో బాపు వచ్చారు.

"ఇప్పుడేమంటున్నది?" అంది పెద్దమ్మ.

"కొత్తది ఎక్కించాల్నా, పాతది బాగుచెయ్యాల్నా అంటున్నది. బాగుచెయ్యొద్దు, కొత్తదే పెట్టు అని నేనంట."

"నీకేమన్న పురుగు కుట్టిందా? పాతదాన్లనే గదరా నా తెలుగున్నది."

"వద్దంటె మళ్ల అడుగుతది పెద్దమ్మా. రెండోసారి నేను సరే అంట."

"అది నీ అత్తగారిల్లా?"

"అడగకపోతే?" అన్నాడు బాపు.

అడుగుతుందని నాకేం తెలుసు. అయినా నా నోరు ఆగితే కదా. "బాపూ, నువ్వు కొత్త బీము ఎక్కించినప్పుడు పాత పోగులను కోసి పారేస్తవా? కొసలు ఉంచి అతుకుతవ్. ఇది గంతే. కొత్త విండోస్ ఎనక నిలబడి పాతదాని కొసలు దేవులాడుతది. కొసలు దొరికినయంటే, ఇగో ఇవి ఈడున్నయ్, అతకాల్నా కొయ్యాల్నా అని అడగకుంట ముందుకు పోదు." ఇదంతా అప్పటికప్పుడు అల్లిందే. చెబుతుంటే నాకే ఎంత బాగా అనిపించిందంటే, నిజం కాకుండా ఎలా ఉంటుందనుకున్నాను.

పెద్దమ్మ తెర వైపు చూసింది. కిటికీకి ఉన్న సీడీ వైపు చూసింది. వేలికి చుట్టిన కొంగు విప్పింది. "నొక్కు" అంది.

ఎంటర్ నొక్కాను. ఒప్పందం కాగితం లాంటి పొడుగాటి పేజీ వచ్చింది. ఒప్పుకున్నానని నొక్కాను. డిస్కులో ఏదో వెతుకుతున్న చప్పుడైంది. గోడ అవతల మగ్గాలు నడుస్తూనే ఉన్నాయి. బాపు ఎడమ చెయ్యి తువ్వాలు మెలితిప్పడం ఆపేసింది. ఆ చెయ్యి ఆగడం నేను మొదటిసారి చూశాను.

తెర మారింది. ఈ డిస్కులో ముందే ఒక విండోస్ ఉంది, అంది. దాన్ని బాగుచెయ్యాలంటే ఆర్ నొక్కు. వద్దు, కొత్తగానే ఎక్కిస్తానంటే ఎస్కేప్ నొక్కు.

"అడిగిందా?" అంది పెద్దమ్మ.

"అడిగింది."

"అయితే చాపు పళ్లెం."

ఆర్ నొక్కాను. సాయంత్రం దాకా అది తనలో తాను ఏవేవో కాపీ చేసుకుంది, ఆరింది, వెలిగింది. చివరికి పెద్దమ్మ పెట్టుకున్న మార్కండేయుడి బొమ్మ తెర మీదికి వచ్చింది. చుట్టూ ఫోల్డర్లన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. పెద్దమ్మ నన్ను కుర్చీలోంచి లేపి తాను కూర్చుంది. తెలుగు ప్రోగ్రాం తెరిచి 'శ్రీ' కొట్టింది. వచ్చింది. ఆ పెద్దల్లుడి రెండో పెళ్లి కార్డు తెరిచింది. అదీ ఉంది. అన్నీ చూసుకుని, మూలన గడియారం ఏదో పరాయి దేశం వేళ చూపిస్తోందని నన్ను తిట్టింది. మెచ్చుకోవడం ఆమెకు అలా వచ్చేది.

వంటింట్లోంచి చాయ్ తెచ్చి నా ముందు పట్టుకుంది. "తాగుతవా?"

"వద్దు పెద్దమ్మా" అన్నాను, ఎంతో వినయంగా.

"మంచిగ నేర్చుకున్నవ్" అని నా ఎదురుగానే కూర్చుని తానే తాగింది.

ఇదంతా విని శ్రావణి తన గోడు మొదలుపెట్టింది. "మామా, పోయిన నెల నా లాప్‌టాప్ హ్యాంగ్ అయితే రీసెట్ కొట్టిన. ఫైల్స్ ఉంచాల్నా అని అడిగింది, ఉంచు అన్న. ఫైల్స్ ఉన్నయ్, సాఫ్ట్‌వేర్లన్ని పోయినయ్. మళ్ల అన్ని ఎక్కించేసరికి నా సండే అంత బర్బాద్."

"విండోస్ నడుస్తుంటె దాని లోపటి నుంచే సెటప్ నడిపితే, ఫైల్స్ తోని పాటు ప్రోగ్రాములు కూడ ఉంచాల్నా అని అడుగుతుండె. నువ్వేమొ మొదటి మాటకే పళ్లెం చాపినవ్."

నవ్వింది. ఇప్పటివి మంచివే, కాదనను. ఆమె ఫోనులో తెలుగు నా ప్రోగ్రాం కంటే అందంగా ఉంటుంది, దానికి సీడీ అక్కర్లేదు, పావురాల బెడద లేదు. ఇప్పటి తెరలు అన్నీ మర్యాదగా, పెద్ద అక్షరాలతో అడుగుతాయి. కాకపోతే ఒక్కసారే అడుగుతాయి. సరే అంటే సరే, వద్దంటే వద్దు, మనిషి మాటను అక్కడికక్కడే నమ్మేస్తాయి. అప్పట్లో మా ఇంట్లో మొదటి మాటను ఎవరూ నమ్మేవాళ్లు కాదు. మొదటి మాట మర్యాదకు, రెండోది మనిషికి. నేను ఇన్ని కోతలు కోసి కూడా ఆ ఇంట్లో బతికి బట్టకట్టానంటే అందుకే. ఆ తర్వాత ఈ కంప్యూటరు డబ్బా మారింది, కీబోర్డు మారింది, లోపల అంతకంటే ముఖ్యమైనవీ మారాయి. మారినప్పుడల్లా అతికానే గాని కొయ్యలేదు. పెద్దమ్మ కూర్చోలేని స్థితికి వచ్చాక కుర్చీ కూడా నాకే వచ్చింది.

"సరే, చేద్దాం పట్టు" అంది శ్రావణి, నా పక్కకు కుర్చీ జరుపుకుని. "ఖాళీ పేజీ వద్దు కదా. ఎవరి కార్డు తెరుస్తవ్?"

మా ఇంటి పేరుతో ఉన్న కర్మ కార్డు అందులో ఒక్కటే ఉంది, బాపుది. పెద్దమ్మ చేసింది. దానికి నకలు తీసి, ఆ నకలు తెరిచాను. బాపు పేరు మీద పెద్దమ్మ పేరు కొట్టాను. తిథి మార్చాను, వారం మార్చాను. శ్రావణి ఒక్కో అక్షరం సరిచూసింది, ఆ పెద్దల్లుడి గతి ఎవరికీ పట్టకూడదని. కింద ఆహ్వానించువారి దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. కొడుకు అని ఉన్నచోట నా పేరు ఉంది. పెద్దమ్మకు కొడుకుల్లేరు.

"అది మార్చేదేముంది మామా" అంది శ్రావణి. "ఉండనీ. కింద మా అమ్మ పేరు ఎయ్యి."

వేశాను. ఇక చేసేదేమీ మిగల్లేదు. మూసేయబోతే కంప్యూటరు అడిగింది, మార్చింది సేవ్ చేసి దాచిపెట్టనా అని. అవును, కాదు, ఆగు అని మూడు బటన్లు.

ఆగు నొక్కాను. కార్డు అలాగే తెర మీద నిలిచింది. పెద్దమ్మ పేరు కాసేపు చూశాం ఇద్దరం. మళ్లీ మూయబోయాను. మళ్లీ అడిగింది.

సరే అన్నాను.